రోడ్డు లేని గదిలో పుట్టిన అంకె

మీరే చంపారు. ఆ అంకె వేసినవాళ్లు, వేయించినవాళ్లు, దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో "వాడకంలో తేడా ఉండవచ్చు" అని రాసి చేతులు దులుపుకున్నవాళ్లు, మీరందరూ కలిసి ఒక ముసలాయన్ని చంపారు. కత్తి పట్టలేదు, నిజమే. మీకు కత్తెందుకు? నున్నటి కాగితం మీద నల్లటి పొడుగు కారు బొమ్మ వేసి, పక్కన లీటరుకి పద్దెనిమిది కిలోమీటర్లని పెద్ద అక్షరాలతో అచ్చేశారు. ఆ కాగితం చాలింది.

ఇప్పటిదాకా జరిగింది నాలుగు ముక్కల్లో ఇదీ. కార్ల కంపెనీ పరీక్ష గదిలో ఇరవై రెండేళ్లుగా బండ్లు నడిపే మనిషిని అక్కడివాళ్లు మెత్తకాలు అంటారు. పెడల్ మీద అతని కాలు పడితే పిల్లి నడిచినట్టు ఉంటుందట. నల్ల కారుకి ఆ పద్దెనిమిది అంకె అతని కాలి కిందనే పుట్టింది. అతని తమ్ముడు ఒక పెద్దింట్లో డ్రైవరు. నడిపేది సరిగ్గా ఆ మోడలు కారునే. రోడ్డు మీద అది పదకొండు దాటి ఒక్కనాడూ ఇవ్వలేదు. ఇల్లు కొనగల డబ్బు పోసి కారు కొన్న యజమానికి పెట్రోలు ఖర్చు లెక్కలోనిది కాదు. కానీ తనని ఎవడో మోసం చేస్తున్నాడన్న అనుమానం మాత్రం అతనికి నిద్ర పట్టనివ్వలేదు. సర్వీసు సెంటరుకి పంపాడు. "బండిలో లోపం లేదు. నడిపే మనిషిని చూసుకోండి, ట్యాంకుని చూసుకోండి" అని వాళ్లు అందరికీ చెప్పే మాటే చెప్పారు. తమ్ముడు భయపడి అన్న దగ్గరికి పరిగెత్తాడు. అంకె తప్పు కావచ్చా అని అడిగాడు. కాదన్నాడు అన్న. తమ్ముడు ఆ మాట నమ్మి, ఆ ఇంటి కారు షెడ్డు తాళం దగ్గరుండే గేటు కాపలా తాత పెట్రోలు తీస్తున్నాడని యజమానికి చెప్పాడు. పనివాళ్లందరినీ వరండాలో నిలబెట్టి, వాళ్ల ముందు తాత జేబులు తిప్పించి, తాళం లాక్కుని బయటికి పంపారు.

అది జరిగిన ఆరు వారాలకి, మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే, తమ్ముడు వచ్చి పరీక్ష షెడ్డు గేటు ముందు నిలబడ్డాడు.

"మీ తమ్ముడట. ఎండలో నిలబడ్డాడు. నీడలోకి రమ్మంటే రానంటున్నాడు. మీ వంశమంతా ఇంతేనా?" అన్నాడు గేటు దగ్గరి గార్డు ఫోన్లో.

మెత్తకాలు ఫోను పెట్టేశాడు. చేతిలో ఉన్న టిఫిను డబ్బా మూత మళ్లీ పెట్టేసి బయటికొచ్చాడు.

తమ్ముడి చొక్కాకి డ్రైవరు బ్యాడ్జీ లేదు. అది ఉండే చోట రెండు పిన్ను రంధ్రాలు మాత్రం ఉన్నాయి. అది చూడగానే అన్నకి సగం అర్థమైంది.

"తీసేశారా?"

"పొద్దున్నే తీసేశారు. అది సరే అన్నయ్యా. అది తర్వాత." తమ్ముడు చెమట తుడుచుకున్నాడు. "తాతని పంపి ఆరు వారాలైంది. షెడ్డు తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. రాత్రిళ్లు బండి పక్కనే పడుకున్నాను. ట్యాంకు మూత మీద కాగితం అంటించి నా సంతకం పెట్టాను. పొద్దున ట్యాంకు నిండా కొట్టించి చూశాను. ఎంతొచ్చిందో చెప్పు."

మెత్తకాలు వెనక షెడ్డు తలుపు వైపు చూశాడు.

"పదకొండు. తాత ఉన్నప్పుడు పదకొండే, తాత పోయాకా పదకొండే."

"ఒరేయ్ చిన్నోడా..."

"ఉండు. చెప్పనీ. నేను తప్పు చేశానని అప్పుడు తెలిసింది. దొరగారికి అదే చెప్పాను, తాత తియ్యలేదండీ, నేను పొరపాటు పడ్డానండీ అని. ఆయన నవ్వాడు. అయితే ఇన్నాళ్లూ తీసింది నువ్వన్నమాట అన్నాడు. బ్యాడ్జీ పీకి బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టేశాను. అటునుంచి అటే తాత ఇంటికెళ్లాను. కాళ్ల మీద పడదామని."

గార్డు ఇటే చూస్తున్నాడు. మెత్తకాలు తమ్ముడి భుజం పట్టుకుని గోడ పక్కకి, పాత టైర్లు పేర్చిన చోటికి తీసుకెళ్లాడు.

"వాళ్లమ్మాయి కుట్టుమిషను మీద ఉంది. నన్ను చూసి లేచింది. తిడుతుందనుకున్నా. తిట్టలేదన్నయ్యా. స్టూలు వేసింది. మంచినీళ్లిచ్చింది. నాన్న పోయి తొమ్మిది రోజులైంది అన్నా, మీకు కబురు పంపడానికి మాకెవరూ లేరు అంది." తమ్ముడు టైరు మీద కూర్చున్నాడు. "ఏ జబ్బూ లేదట. బయటికి వెళ్లడం మానేశాడట. టీ కొట్టుకి కూడా వెళ్లలేదట. నలుగురిలో ముఖం చెల్లదమ్మా అనేవాడట. తిండి తగ్గించాడు, తర్వాత మానేశాడు. అంతే."

ఆ ముసలాయన్ని మెత్తకాలు రెండుసార్లే చూశాడు. తమ్ముడి కోసం ఆ ఇంటికి వెళ్లినప్పుడు గేటు తీస్తూ, "మీ తమ్ముడు తోలేది కారు కాదు బాబూ, ఏనుగు. దాని దాహం నేను చూస్తూనే ఉన్నాగా. ఎంత పోసినా చాలదంటుంది" అని పళ్లు లేని నోటితో నవ్వాడు. పెద్ద చదువులు చదివి ఆ కారుని కొలిచినవాళ్లలో ఒక్కడూ చెప్పని నిజం, గేటు తెరుస్తూ మూస్తూ ఆయన కళ్లతో చూసి చెప్పాడు. విని ఇద్దరూ నవ్వేసి ఊరుకున్నారు.

"ఆవిడ ఇంకో మాట చెప్పింది," అన్నాడు తమ్ముడు. "తాత చివరిదాకా ఒక్కటే అడిగేవాడట. డ్రైవరబ్బాయి నాతో కలిసి అన్నం తిన్నవాడు, వాడంతట వాడు నా మీద చెప్పడు, వాడికి ఎవరో చెప్పి ఉంటారమ్మా, ఎవరు చెప్పారో కనుక్కో అని. నన్నడిగింది. అన్నా, మీకెవరు చెప్పారు అని."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పను? మా అన్నయ్య అని చెప్పనా?" తమ్ముడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ కోపం లేదు. అదే అన్నని ఎక్కువ కోసింది. "నువ్వన్నది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. నా కాలితో వచ్చిన అంకెరా అది, తప్పదు. నీ ట్యాంకులోంచి ఎవడో తీస్తున్నాడు, కళ్లు తెరుచుకుని చూసుకో, అన్నావు. నిన్ను తప్పు పట్టడానికి రాలేదన్నయ్యా. అంకె తప్పదు, తాత తియ్యలేదు, నేను తియ్యలేదు. ఇంక మిగిలింది నా కాలే. నా కాలు మొరటు. నా మొరటు కాలికి ఒక మనిషి పోయాడు. నీ నడక నాకు నేర్పు. ఆ పద్దెనిమిది ఒక్కసారి తెప్పించి, ఆవిడకి చూపించి, నేనేనమ్మా పాపిష్టివాణ్ణి అని చెప్పుకుంటాను."

వినండి, అంకెలు అచ్చేసే పెద్దమనుషులూ! మీ కాగితం మనిషిని ఎంతదూరం తీసుకొచ్చిందో వినండి. ఉద్యోగం పోయింది, దొంగ అనిపించుకున్నాడు, స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు. అయినా మీ అంకెని అనుమానించలేదు. తన సొంత కాలిని అనుమానించుకున్నాడు.

మెత్తకాలు గోడవైపు తిరిగాడు. భోజనాలకి ఇచ్చేది నలభై నిమిషాలు. అందులో పావుగంట అయిపోయింది. బయటి మనిషిని లోపలికి తీసుకెళ్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి తెలిసే, టైర్లు తెచ్చే వెనక తలుపు తీసి, "రా" అన్నాడు.

కిటికీలు లేని పొడుగాటి గది. నేలలో సగం పాతిన రెండు ఇనుప రోలర్ల మీద నల్ల కారు నిలబెట్టి ఉంది, ముందూ వెనకా పట్టీలతో కట్టేసి. సంతకు తెచ్చిన గొడ్డులా ఉంది. ముందు మనిషెత్తు ఫ్యాను. అద్దానికి ఎదురుగా ఇనుప చెయ్యి మీద ఒక తెర. తమ్ముడు చుట్టూ చూశాడు. అన్న పనిచేసే గదిని చూడటం అతనికి ఇదే మొదలు. పేపర్లో ఆ కారు ప్రకటన పడినప్పుడల్లా కూతురికి చూపించి, "అది మీ పెదనాన్న కాలే" అని గొప్పలు పోయేవాడు.

"రోడ్డేదన్నయ్యా?" అన్నాడు అమాయకంగా.

"ఇదే." మెత్తకాలు రోలరుని కాలితో తట్టాడు. "చక్రాలు తిరుగుతాయి. బండి కదలదు. తెర మీద గీత వస్తుంది. వేగం ఆ గీత వెంట పోవాలి. అటూ ఇటూ కొంచెం తప్పినా ఒప్పుకుంటారు. ఆ కొంచెంలో నేను గీత మూలల్ని గుండ్రంగా తిప్పేస్తాను. ఎక్కేటప్పుడు గీతకి అడుగున, మెల్లగా. చెప్పు విప్పేసి ఉత్తి కాలితో."

"ఏసీ?"

"ఆపేస్తాం."

"టైర్లు?"

"గట్టిగా గాలి కొట్టిస్తాం."

"వెనక దొరగారు, అమ్మగారు, ఇద్దరు పిల్లలు, డిక్కీలో సామాను?"

"నేనొక్కణ్ణే. బరువెంతో మెషీనుకి చెప్తారు. చెప్పగలిగినంత తక్కువ చెప్తారు."

"ఎండ? గుంతలు? ఎదురుగా లారీ?"

మెత్తకాలు తల అడ్డంగా ఊపాడు.

తమ్ముడు కారు మీద చెయ్యేశాడు. "అయితే ఇది దొంగ అంకె."

"దొంగది కాదురా. అంతా రూలు ప్రకారమే. రూలు ఎంత వంగుతుందో అంత వంచుతాం, విరగనివ్వం. అందుకే మమ్మల్ని ఎవడూ పట్టుకోలేడు. ఈ గదిలో అది నిజమే. తలుపు దాటితే కాదు."

"నీకిది ముందే తెలుసా?"

"ఇరవై రెండేళ్లుగా తెలుసు."

"నేను అడిగిన రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

తమ్ముడు అరవలేదు. అరిస్తే బాగుండుననుకున్నాడు అన్న. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తూ, "మరెందుకు చెప్పలేదు?" అన్నాడు తమ్ముడు చాలా నెమ్మదిగా.

గది సంగతులు బయట చెప్పనని కాగితం రాసిచ్చాను అనొచ్చు. అది నిజమే. మెత్తకాలు ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగేశాడు. దానికంటే నీచమైన నిజం ఇంకోటి ఉంది.

"నువ్వు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడివి కదరా. మా అన్నయ్య కాలు అని. నేను బతుకులో సాధించింది ఆ ఒక్క అంకే. అది ఉత్తదని నీ నోట్లోంచి వినలేకపోయాను. ఎవడో తీస్తున్నాడు అనెయ్యడం తేలికనిపించింది. నువ్వు వెళ్లి ఒక మనిషి పేరు చెప్తావని అనుకోలేదు. అంతదూరం ఆలోచించలేదు."

"ఆలోచించలేదు," అన్నాడు తమ్ముడు. ఆ మాటనే మళ్లీ అన్నాడు. తర్వాత గబుక్కున కారు తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "నా లాగా పెట్టు మెషీనుని. ఐదుగురి బరువు పెట్టు. టైర్లలో గాలి తియ్యి, మేం ఎంత కొట్టిస్తామో అంతే ఉంచు. ఏసీ నేనే వేస్తాను. నీ గీత నాకొద్దు, తెర తీసి పక్కన పెట్టు."

"టైం లేదురా."

"తాతకీ లేకపోయింది."

మెత్తకాలు టైర్లలో గాలి తగ్గించాడు. బల్ల దగ్గరికెళ్లి బరువు మార్చాడు. పెట్రోలు కొలిచే మీటరుని సున్నాకి తెచ్చాడు. ఫ్యాను హోరుమంది. రోలర్లు తిరిగాయి.

కదలని కారులో కూర్చుని తమ్ముడు తన పొద్దుటి దారంతా నడిపాడు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. కానీ అతనికి దారంతా కనిపిస్తూనే ఉంది. పైకే చెప్పుకుంటూ పోయాడు. "ఇది స్కూలు మలుపు. బస్సు ఆగింది, ఆపాను. మళ్లీ ఎత్తాను. ఎర్రలైటు. ఇక్కడ రెండుసార్లు పడితే గానీ దాటలేం. దొరగారికి ఆలస్యమైంది, తొక్కు తొక్కు అంటున్నారు, తొక్కాను. బట్టల దుకాణం. అమ్మగారు దిగారు. ఇంజను ఆపొద్దన్నారు, చల్లదనం పోతుందని. ఆపలేదు. పది నిమిషాలు ఆపలేదన్నయ్యా, రోజూ ఆపం. ఇక్కడ రెండు నిమిషాలు అనుకుందాం." పాదం దించుతున్నాడు, ఎత్తుతున్నాడు. మెత్తకాలు తెరిచి ఉన్న కారు తలుపులోంచి ఆ పాదాన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్లు కాళ్లు చూసి బతికిన మనిషి. ఆ కాలు మొరటు కాదు. ఎక్కడ వదలాలో అక్కడ వదిలింది, ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తింది. మంచి డ్రైవరు కాలు. ఇన్నాళ్లూ అది తెలుసుకోవాలని తనకే తోచలేదు. ఒక్కసారైనా వెళ్లి తమ్ముడి పక్క సీట్లో కూర్చోలేదు.

"ఇంటి వీధి. స్పీడు బ్రేకరు. ఇంకోటి. ఇదిగో గేటు." తమ్ముడు బ్రేకు తొక్కాడు. రోలర్లు ఆగాయి. "హారను కొట్టక్కర్లేదు. బండి చప్పుడు తాతకి తెలుసు. వస్తాడు, ఇప్పుడు తీస్తాడు."

ఇంజను నడుస్తూనే ఉంది. తమ్ముడు స్టీరింగు పట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత స్టీరింగు మీద తల పెట్టేసుకున్నాడు. ఫ్యాను హోరులో ఏడుపు వినపడలేదు. వీపు కదలడం మాత్రం కనిపించింది. మెత్తకాలు కారు తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు, కానీ ఆ వీపు మీద వెయ్యడానికి తనకి హక్కుందా అని సందేహించి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపాడు.

బల్ల మీద ప్రింటరు కిర్రుమంటూ ఒక కాగితం బయటికి తోసింది. రోలర్ల మీద ఏ బండి తిరిగినా అది తేదీ, గంట, బరువు, అంకె అచ్చు కొట్టి తీరుతుంది. దాన్ని ఆపడం మెత్తకాలు చేతిలో లేదు, కంపెనీ చేతిలో కూడా లేదు.

పది పాయింట్ ఎనిమిది.

"పదకొండుకి కాస్త తక్కువ," అన్నాడు మెత్తకాలు. "నీ కాలు బంగారం లాంటిదిరా. ఏ మొరటుతనమూ లేదు. ఆ తాత చుక్క కూడా ముట్టలేదు. ఆ ఇంట్లో ఎవరూ ముట్టలేదు."

తమ్ముడు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, పిల్లల మార్కుల కార్డు చూసినట్టు చూశాడు. ఇంత చిన్న ముక్క. ఆరు వారాల కింద ఉంటే గేటు తాత ఈపాటికి గేటు పక్క బల్ల మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటూ ఉండేవాడు.

తలుపు చప్పుడైంది. ఆ గది బాధ్యత చూసే పెద్దింజనీరు చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కారునీ, స్టీరింగు ముందున్న కొత్త మనిషినీ, కాగితాన్నీ వరసగా చూశాడు.

"ఎవరితను?"

"నా తమ్ముడు సార్."

"ఆ కాగితం ఇలా ఇవ్వు బాబూ." చెయ్యి చాపాడు. "కింద పరీక్ష చేసిన మా మనిషి సంతకం గడి ఖాళీగా ఉంది చూశావా? సంతకం లేని పరీక్ష పరుగు పరుగు కాదు. చింపేస్తే ఏమీ జరగనట్టే. నేనూ ఏమీ చూడనట్టే."

"ఇది నిజం అంకె సార్," అన్నాడు తమ్ముడు కారు దిగి.

"నిజాలు నాకూ తెలుసయ్యా. ఇల్లు నడపాలి కదా అందరం." పెద్దింజనీరు మెత్తకాలు వైపు తిరిగాడు. "మధ్యాహ్నం కొత్త మోడలు పరుగుంది. నీ కాలు కావాలి నాకు. ఇతనికి ఉద్యోగం పోయినట్టుంది. మన బండ్లు రేవుకి చేర్చే పని ఉంది, రేపటి నుంచి రమ్మను. మంచి జీతం. ఆ కాగితం ఇచ్చెయ్యమను."

మెత్తకాలు నోరు తెరిచాడు. చూడండి ఆ మనిషి బలహీనత! ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తమ్ముడి ఇల్లు నిలబడుతుంది కదా అని అతనికి అనిపించింది. ఆ క్షణం అతని ముఖంలో తమ్ముడికి కనిపించింది.

"తొమ్మిది రోజుల కింద పోయినాయనకి ఏ పని ఇస్తారు సార్?" అన్నాడు తమ్ముడు పెద్దింజనీరుతో. "నాకు మీ పని వద్దు. నాకు కావలసింది చెప్తాను. ఈ అంకె అచ్చెయ్యండి. పద్దెనిమిది పక్కనే, పద్దెనిమిది ఎంత లావుగా వేశారో అంత లావుగా. మీ సర్వీసు సెంటర్లలో ట్యాంకు చూసుకోండి, మనిషిని చూసుకోండి అనే మాట ఇవాళ్టి నుంచి ఆపించండి. ఆ మాటకి ఇంకెన్ని ఇళ్లల్లో ఎంతమంది జేబులు తిప్పించుకుంటున్నారో మీకు తెలుసా?"

"నీకు మతి పోయింది," అన్నాడు పెద్దింజనీరు. అని, మెత్తకాలుతో, "ఆ గడిలో నీ సంతకం పడిందా, ఈ తలుపులోంచి మళ్లీ లోపలికి రావు. ఇంకే కంపెనీ తలుపూ తెరుచుకోదు," అన్నాడు.

తమ్ముడు కాగితాన్ని కారు బానెట్ మీద పరిచాడు. ఇనుము ఇంకా వేడిగానే ఉంది. జేబులోంచి పెన్ను తీసి అన్న చేతికిచ్చాడు.

"ఎవరు చెప్పారు అని ఆవిడ అడిగింది. నేను జవాబు చెప్పకుండా లేచి వచ్చేశాను. సాయంత్రం లోపల మళ్లీ వస్తానన్నాను. కుట్టుమిషను ఆపి కూర్చుని ఉంటుంది. నా పక్కన నువ్వు ఉండాలి, నీ చేతిలో ఇది ఉండాలి. పూర్తి పేరు రాయి అన్నయ్యా. రాసి చెప్పులేసుకుని పద. రేపు కాదు, ఆలోచించి కాదు. ఇప్పుడే పెట్టు సంతకం."